కొట్టేసిన వాక్యం

ఊదలంక,
ఏప్రిల్ 9

ఒరే ఏసూ,

అక్క దీవెనలు. ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావని తెలుసు. నాకు గొంతు పట్టేసింది. నోరు తెరిస్తే గాలి వస్తోంది గానీ మాట రావడం లేదు. మొన్న నువ్వు ఫోన్ చేసి "హలో, హలో, అక్కా, సిగ్నల్ లేదు" అని పెట్టేశావు చూడు, సిగ్నల్ ఉంది, నాకే మాట లేదు. నాది బటన్ల ఫోను, అందులో తెలుగు రాయడం నాకు చేతకాదు. మీ బావకి చెప్పి చెప్పించుకుంటే ఆయన సగం తినేసి సగం చెబుతారు. అందుకని కాగితం పట్టాను.

విషయం ఏమిటంటే, మన సమాధుల దిబ్బ మీదికి పొక్లెయిన్ వచ్చింది. దిబ్బని ఆనుకుని ఉన్న చేపల చెరువుని వీరేంద్ర గారని గణపవరం ఆయన లీజుకి తీసుకున్నారు. చెరువు పెద్దది చేస్తున్నారు. గట్టు వెయ్యడానికి మట్టి కావాలి, ఈ చుట్టుపక్కల ఎత్తుగా ఉన్న మట్టి మన దిబ్బే. దక్షిణం పక్క కొంత గీసేశారు. పాస్టరు గారు వెళ్ళి అడిగితే ఆయన ఎంతో మర్యాదగా మాట్లాడారట. "ఇది పోరంబోకండి. రికార్డులో ఖాళీ స్థలం అని ఉందండి. మీ దగ్గర కాగితం ఏమైనా ఉంటే చూపించండి, నేను తప్పుకుంటానండి" అన్నారట.

మనకి కాగితం ఎక్కడిది? రాళ్ళు కూడా లేవాయె. ఈ ఒండ్రులో రాయి నిలవదని నీకు తెలుసు. రెండు వానాకాలాలు గడిస్తే లోపలికి దిగిపోతుంది. అందుకే మనవాళ్ళు మట్టి మెత్తి, ప్రార్థన చేసి వచ్చేస్తారు. వరద వచ్చి ఆ మట్టీ చదును చేసి పోతుంది. ఎవరు ఎక్కడ ఉన్నారన్నది అమ్మకి తెలిసేది, అమ్మ నాకు చూపించింది. ఇప్పటికీ ఊళ్ళో ఎవరు పోయినా, ఇంకొకరి మీద పడకుండా గొయ్యి ఎక్కడ తియ్యాలో నన్నే పిలిచి అడుగుతారు. నా సువార్త పక్కన ఒక మనిషి పట్టే చోటు నేను ఎవరికీ చూపించకుండా ఉంచుకున్నాను. తల్లిని, నాకా మాత్రం స్వార్థం ఉంటుంది.

నువ్వు ఉద్యోగాల పరీక్షలకి వెళ్ళే పిల్లలకి ఏది గట్టి వాదన, ఏది తేలిక వాదన అని చెప్పే మాస్టారివి. అర్జీ నువ్వే రాయి. నాకు తోచినవి చెబుతాను, సర్దుకో. తాతల కాలం నుంచీ మనవాళ్ళని అక్కడే పెడుతున్నాం. పక్క లంకలో వాళ్ళకి స్థలం ఇచ్చారు. మనకి వేరే చోటు లేదు, వరదల్లో శవాన్ని పడవ మీద పెట్టుకుని ఊరూరా తిరగాల్సి వస్తుంది. విజయకుమారి వదిన పోయినప్పుడు దిబ్బ మునిగిపోయి అలాగే తిరిగాం. ఇక నా కూతురు అక్కడ ఉంది. ఇంతకన్నా నాకు తెలియదు.

పెర్సిస్ అక్క

* * *

వట్లూరు,
ఏప్రిల్ 14

అక్కకి వందనాలు.

నీ ఉత్తరం చదివాను. చదివి, నీకు కోపం వచ్చినా సరే, ఎర్ర పెన్ను తీశాను. అలవాటు పోదు కదా. చిన్నప్పుడు నా పలక మీద నువ్వు తప్పులు దిద్దేదానివి, ఇప్పుడు నా వంతు అనుకో.

మా క్లాసులో మొదటి రోజు చెప్పేది ఇదే. ఒక ప్రశ్న ఇస్తారు. దాని కింద రెండు వాదనలు ఇస్తారు. నీకు ఏది ఇష్టమన్నది ఎవరికీ అక్కర్లేదు. ఏది ప్రశ్నకి సూటిగా తగిలింది, ఏది నిజం మీద నిలబడింది అన్నదే చూడాలి. "ఎప్పటినుంచో చేస్తున్నాం కాబట్టి చెయ్యనివ్వాలి" అన్నది పుస్తకంలో మొట్టమొదటి బలహీనమైన వాదన. ఆ లెక్కన ఎప్పటినుంచో బాల్యవివాహాలు కూడా చేస్తున్నాం. "పక్కవాళ్ళకి ఇచ్చారు కాబట్టి మాకూ ఇవ్వాలి" అన్నది ఉత్త పోలిక. వాళ్ళకి ఎందుకు ఇచ్చారో మనకేం తెలుసు? విజయకుమారి వదిన సంగతి ఒక్క ఉదాహరణ, ఒక్కదానితో ఏదీ రుజువు కాదు. సువార్త విషయం, అక్కా, అది దుఃఖం. దుఃఖం వాదన కాదు. ఇలా అంటున్నానని ఏమీ అనుకోకు, అది నా మేనకోడలు కూడా.

నీ మాటల్లో గట్టిది ఒక్కటే, మనకి వేరే చోటు లేదన్నది. దాన్ని పట్టుకుని అర్జీ అంతా అల్లాను. "మా ఊదలంక గ్రామానికి సమాధుల స్థలం లేదు" అన్నది మొదటి వాక్యం. ఆ తర్వాత జనాభా, వరద రోజుల్లో రాకపోకలు ఆగిపోవడం, నీళ్ళల్లో శవాలు ఉంటే వచ్చే జబ్బులు. చివర ఆ దిబ్బలో అరెకరం కేటాయించమని ప్రార్థన. ఏడుపు లేదు, ఎవరి మీదా నింద లేదు. ఏ అధికారి చదివినా కాదనలేడు. పాస్టరు గారి చేత పెద్దలందరి సంతకాలు పెట్టించి సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకునేటప్పుడు ఇప్పించు.

ఒక్క జాగ్రత్త. విచారణకి వస్తే అడిగిన దానికే జవాబు చెప్పమను. తాతల మాట ఎత్తవద్దు. బలమైన వాదనకి ఒక బలహీనమైనది జత చేస్తే బలమైనది కూడా పలచబడిపోతుంది.

గొంతుకి వేడినీళ్ళు పుక్కిలించు.

ఏసు

* * *

ఊదలంక,
ఏప్రిల్ 20

ఏసూ,

అర్జీ అందింది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు చదివారు. అందరూ ముచ్చటపడ్డారు. "మన ఏసుకుమార్ రాశాడండి, కలెక్టరు రాసినట్టుంది" అని మీ బావ పొంగిపోయారు. సంతకాలు అయ్యాయి, ఇచ్చేశారు కూడా.

నాకు ఒక్కచోట కాలు ఆగింది. ఊరికి సమాధుల స్థలం లేదని రాశావు. ఉంది కదరా. ఉన్నదాన్ని తవ్వేస్తున్నారనే కదా నేను నీకు చెప్పుకున్నది. లేదని మన చేత్తో మనమే రాసి ఇస్తే, ఉన్నవాళ్ళంతా ఏమైనట్టు? అమ్మ, నాన్న, సువార్త. నేను ఇది పాస్టరు గారికి చెప్పబోయాను. గొంతు లేక సైగలు చేస్తుంటే ఆయనకి అర్థం కాలేదు, "ప్రార్థన చేద్దామమ్మా" అన్నారు. పోనీ రాసి చూపిద్దామా అనుకుని మానేశాను. ఊరంతా సంబరపడుతుంటే చదువుకున్న తమ్ముడి మాట మీద అక్కే వంక పెట్టిందని అనిపించుకోవడం ఎందుకు?

ఎప్పటినుంచో ఉన్నది ఎందుకు తేలికైపోయిందో నాకు ఇంకా తెలియలేదు. మా అంగన్‌వాడీలో నేను ఆయాగా చేసినన్నాళ్ళూ పిల్లలు గొడవపడితే "ముందు నేను కూర్చున్నాను ఇక్కడ" అనేవాళ్ళు. వాళ్ళనే కూర్చోబెట్టేదాన్ని. అంతకన్నా పెద్ద న్యాయం నాకు తట్టేది కాదు. నీకు తెలిసినంత నాకు తెలియదు అనుకో.

మీ బావ నన్ను ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మందులు ఇచ్చారు.

అక్క

* * *

తాడేపల్లిగూడెం,
ఏప్రిల్ 26

అక్కా,

శని, ఆదివారాలు ఇక్కడి బ్యాచ్‌కి పాఠం చెబుతున్నానని తెలుసుగా, రైలు కోసం స్టేషన్లో కూర్చుని రాస్తున్నాను. శుభవార్త. మన అర్జీ విచారణ ఎవరికి ఇచ్చారో తెలుసా? డిప్యూటీ తహసీల్దారు ప్రసన్నలక్ష్మికి. మా మొదటి బ్యాచ్ పిల్ల. గ్రూప్ టూ రాసి వెళ్ళింది. రీజనింగ్‌లో ఆ అమ్మాయిని మించినవాళ్ళు నాకు మళ్ళీ తగల్లేదు. నేను ఫోన్ చెయ్యలేదు, చెయ్యకూడదు కూడా. చెయ్యక్కర్లేదు. నా అర్జీ నా విద్యార్థి చదువుతుంది, అంతకన్నా ఏం కావాలి?

స్థలం గురించి నువ్వు అన్నది నేను ఆలోచించకపోలేదు. రికార్డులో లేనిదాన్ని ఉందంటే రుజువు అడుగుతారు. రాయి లేదు, కాగితం లేదు. రుజువు లేని మాట చెప్పి పరువు పోగొట్టుకోవడం కంటే లేదని చెప్పి కొత్తగా అడగడం మేలు. ఇది నా వృత్తి అక్కా, ఈ ఒక్కసారికి నమ్ము.

ఆసుపత్రిలో ఏమన్నారో రాయనే లేదు. చలవ చేసిందా? ఇంతకీ గొంతు వచ్చిందా, లేదా?

ఏసు

* * *

ఊదలంక,
మే 8

ఏసూ,

విచారణ అయింది. నీ ప్రసన్నలక్ష్మి గారు సర్వేయర్ని వెంటబెట్టుకుని పడవలో వచ్చారు. చాలా మంచి పిల్ల. ఎండలో గొడుగు కూడా వేసుకోకుండా దిబ్బంతా తిరిగింది. అర్జీ చేత్తో పట్టుకుని ఒక్కో వాక్యం చదివి పాస్టరు గారిని అడిగింది. జనాభా ఎంతండీ అంటే చెప్పారు. వరదలో పడవలు ఎన్నాళ్ళు ఆగుతాయండీ అంటే చెప్పారు. నువ్వు చెప్పినట్టే అడిగిన దానికే జవాబు. మీ బావ నోరు విప్పబోతే పెద్దలు మోచేత్తో పొడిచారు.

చివరికి ఆ అమ్మాయి అర్జీ మడిచి, అందరి వంకా చూసి, "ఇందులో లేనిది ఇంకేమైనా చెప్పాలా అండీ? ఏదైనా సరే, చెప్పండి" అంది. ఒకసారి కాదు, మళ్ళీ అడిగింది. పాస్టరు గారు "అంతా అందులోనే ఉందండి" అన్నారు.

అప్పుడు నేను ముందుకి వెళ్ళాను. ఆమె నిలబడి ఉన్నది మన నాన్న మీద. అది చెబుదామని నోరు తెరిచాను. గాలి వచ్చింది. మళ్ళీ ప్రయత్నిస్తే దగ్గు వచ్చింది. ఆ అమ్మాయి తన సీసాలో నీళ్ళు నాకు ఇచ్చి, "కూర్చోండమ్మా, ఎండగా ఉంది" అని నా భుజం పట్టుకుని నీడకి తీసుకెళ్ళింది. సర్వేయరు చేతిలో పెన్ను ఉంది, అట్ట ఉంది. అడిగితే ఇచ్చేవాడు. రాసి ఇద్దామని చెయ్యి చాచబోయాను కూడా. తాతల మాట ఎత్తవద్దని నువ్వు రాసింది గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నేను పాడుచేశానని రేపు నువ్వు అనకూడదు కదా.

వాళ్ళ పడవ వెళ్ళిపోయాక అక్కడే కూర్చున్నాను. నాకెందుకో మనసు బాగాలేదు ఏసూ.

అక్క

* * *

వట్లూరు,
మే 29

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. అర్జీ తోసేశారు. కొల్లేరు పరిధిలో కొత్తగా స్థలం ఎవరికీ కేటాయించే వీలు లేదని రాశారు.

నేను కోపంగా వెళ్ళాను ప్రసన్నలక్ష్మి దగ్గరికి. నన్ను చూసి లేచి నిలబడింది. కుర్చీ వేసి, టీ తెప్పించి, ఆ అమ్మాయి అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "సార్, కొత్తగా ఇవ్వడానికి నాకు దారి లేదండి. పాత వాడుక ఉంటే కాపాడటానికి దారి ఉందండి. అందుకే ఆ రోజు అన్నిసార్లు అడిగానండి. తాతల నాటి నుంచి పెడుతున్నామని ఒక్క ముక్క ఎవరైనా అంటారేమోనని చూశానండి. ఒక్క ముక్క ఉంటే పొక్లెయిన్ అక్కడే ఆపించేదాన్నండి." నేను ఉందమ్మా, పాత వాడుక ఉంది అన్నాను. ఆ అమ్మాయి ఫైలు తీసి మొదటి వాక్యం మీద వేలు పెట్టింది. "ఊరికి సమాధుల స్థలం లేదని మీరే రాశారు కదండీ. మీ చేతిరాత చూసి, మీరు లేదన్నారంటే లేదనే అనుకున్నానండి. ఇప్పుడు ఉందంటే తర్వాత అల్లుకున్న మాట అంటారండి." ఆ మాట అంటుంటే దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా పాఠం అంత బాగా నేర్చుకుంది.

పరీక్షలో ఎప్పటినుంచో ఉంది అన్నది కారణం కాదు. భూమి విషయంలో అదొక్కటే కారణం. నీకు అంగన్‌వాడీ పిల్లల దగ్గర తెలిసింది నాకు తెలియలేదు. రుజువు లేదన్నాను. ఎవరు ఎక్కడున్నారో వేలు పెట్టి చూపించే మనిషివి నువ్వు ఉండగా, నీకు నేనే ఉత్తరం రాసి, రుజువు లేదన్నాను.

పై అధికారికి అప్పీలు వేశాను. ఈసారి అన్నీ రాశాను. నేను కొట్టేసినవన్నీ నీ మాటల్లోనే రాశాను. ఆయన స్థలానికి వస్తారు. నువ్వు సాక్షివి. మాట రాకపోతే రాసి ఇవ్వు, వేలుపెట్టి చూపించు.

నిన్న బావగారు ఫోన్ చేశారు. ఆసుపత్రిలో ఏమన్నారో నెల దాటాక ఇప్పుడు చెప్పారు. గొంతులో ఉన్నది గడ్డ అట కదా. ఆలస్యమైందన్నారట కదా. నా అర్జీ పని చెడకూడదని నాకు చెప్పొద్దన్నావట. అక్కా, గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తాను. సెలవు పెట్టాను. రానంటే ఊరుకోను.

ఏసు

* * *

ఊదలంక,
జూన్ 4

ఏసూ,

గుంటూరు వద్దు. అక్కడి డాక్టరు గారు ఏమంటారో ఏలూరు డాక్టరు గారే చెప్పి పంపించారు. వెళ్తే ఇంకొన్నాళ్ళు ఉంటానని నువ్వు అంటావు. ఉండి ఆసుపత్రి మంచం మీద ఉండాలి. సెలవు వెనక్కి ఇచ్చేసి పాఠాలు చెప్పుకో.

నిన్ను నేను తిట్టబోవడం లేదు. తిట్టాలని కూర్చున్నాను, నిజం చెబుతున్నాను. ఒక కాగితం నింపి చింపేశాను. నిన్ను ఎత్తుకు పెంచిన దాన్ని, నీ మీద కోపం నిలబడదు. కానీ బాధ నిలబడింది. ఆ రోజు చెయ్యి చాచి పెన్ను అడిగి ఉంటే అయిపోయేది. నీ మాట నామీద అంత బరువుగా ఎందుకు పడిందో తెలియదు.

అప్పీలు కాగితం వచ్చేలోపే వాళ్ళు పని ముగించేస్తున్నారు. పగలంతా పొక్లెయిన్ చప్పుడే. డ్రైవరు పెంటపాడు కుర్రాడు, పేరు దుర్గేష్. ఎముకలు కనిపించినప్పుడు బండి ఆపేసి దిగిపోయాడట. ఇంకొకణ్ణి పెట్టారు. మనవాళ్ళు వెళ్ళి దొరికినవి గోనెసంచిలో సర్దుకొచ్చారు. ఎవరివో ఎవరికి తెలుసు? నన్ను పిలిచి అడిగారు. నేను చోటు చెప్పగలను గానీ ఎముక చూసి మనిషిని చెప్పలేను కదా. సువార్త ఉన్న మట్టి గట్టుకి వెళ్ళిపోయింది. గట్టు పొడుగు ఎంతో నీకు తెలుసు. అందులో ఎక్కడ ఉందో వెతుక్కోలేను.

అక్క

* * *

వట్లూరు,
జులై 2

అక్కా,

పై అధికారి పదిహేనో తారీకున వస్తారు. నేను ముందు రోజు వచ్చి నీ దగ్గరే ఉంటాను. దయచేసి ఓపిక చేసుకో. చెరువులో నీళ్ళు వదిలారని బావగారు చెప్పారు. అయినా ఫర్వాలేదు, నువ్వు రాసి ఇచ్చేది సాక్ష్యమే.

ఇవాళ క్లాసులో హర్షిణి అని ఒక పిల్ల లేచి, "ఎప్పటినుంచో ఉంది అన్నది అన్నిచోట్లా బలహీనమేనా సార్?" అని అడిగింది. నేను బోర్డు మీద రాసింది తుడిచేసి క్లాసు ముగించాను. పిల్లలు నాకు ఒంట్లో బాగాలేదనుకున్నారు. ఆ పాఠం ఇక నేను చెప్పలేను అక్కా. ఇంకెవరినైనా పెట్టుకోమని మావాళ్ళకి చెప్పేస్తాను.

ఏసు

* * *

ఊదలంక,
జులై 21

ఏసూ,

నువ్వు ఉండగా కాగితం మీద ఏమీ రాయలేకపోయాను. నువ్వు ఏడుస్తూనే ఉన్నావు. ఇప్పుడు రాస్తున్నాను. అక్షరాలు కుదురుగా రావడం లేదు, కూడబలుక్కుని చదువుకో.

అప్పీలు విచారణకి వచ్చిన ఆ పెద్దాయనని ఏమీ అనకు. ఆయన న్యాయంగానే అడిగాడు. పడవ గట్టు దగ్గర ఆపి, "మీ అమ్మాయి ఎక్కడుందమ్మా, చూపించండి" అన్నాడు. నీళ్ళ వైపు చూపించాను. "నీళ్ళల్లో ఎక్కడండీ?" అన్నాడు. చిన్నప్పటి నుంచి కళ్ళు మూసుకుని నడిచిన దిబ్బ. నాన్నకి ఎడమ పక్కగా వెళ్తే సువార్త. నాన్నే లేడు, దేనికి ఎడమ అని చెప్పను? చెయ్యి అటూ ఇటూ తిప్పాను. ఆయన చూసి తల దించుకుని, సాక్షి చోటు గుర్తించలేకపోయినట్టు రాసుకున్నాడు. అబద్ధం రాయలేదు.

పాఠం మానేస్తానన్నావు. మానకు. ఆ హర్షిణికి బలహీనమనే చెప్పు. పరీక్షలో అదే జవాబైతే అదే చెప్పాలి, లేకపోతే ఆ పిల్లకి మార్కులు పోతాయి. ఆ పిల్లకి ఉద్యోగం కావాలి. నువ్వు మానేస్తే ఊదలంకకి ఏమీ తిరిగి రాదు.

నా సంగతి మీ బావకి చెప్పాను. గణపవరం దారిలో ఉన్న చర్చి సంఘంవాళ్ళు వాళ్ళ సమాధుల తోటలో చోటు ఇస్తామన్నారు. గోడ కట్టారు, గేటు ఉంది, రాయి కూడా పెట్టుకోవచ్చట. మంచి చోటే. పాస్టరు గారితో పాటు వెళ్ళి చూసి వచ్చాను. వరసంతా నడిచి పేర్లు చదివాను.

నాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

పెర్సిస్ అక్క